పదకొండు పేర్లు

న్యూజెర్సీలోని మా పిస్కాటవేలో శ్యామ్‌సుందర్‌ని ఎవరూ శ్యామ్‌సుందర్ అని పిలవరు. ఫైల్ శ్యామ్ అంటారు. ఆ మనిషి ఎక్కడుంటే ఒక నీలం జిప్ ఫైల్ అక్కడుంటుంది. ఇంట్లో ముగ్గురి పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, పెళ్ళి సర్టిఫికెట్, కూతురు మేధ పుట్టిన సర్టిఫికెట్, అన్నీ ప్లాస్టిక్ కవర్లలో వరుసగా ఉంటాయి. వీధి చివర ఎవరింటికో, తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌కి వచ్చినా ఫైల్ కార్లో ఉండాల్సిందే. ఏడిపించేవాళ్ళం. అతను మాత్రం నవ్వి ఊరుకునేవాడు. మళ్ళీ మాలో ఎవరికి ఏ చిన్న ఇమ్మిగ్రేషన్ నోటీసు వచ్చినా, లాయర్ కంటే ముందు ఫోన్ చేసేది శ్యామ్‌కే.

నా సంగతే చెప్తాను. మూడేళ్ళ క్రితం నా ఉద్యోగం పోయింది. అదే వారం టొరాంటోలో మా పెదనాన్నగారి అబ్బాయి గృహప్రవేశం. ఎటూ ఖాళీయే కదా, వెళ్ళొద్దామని సూట్‌కేస్ సర్దాను. విషయం తెలిసి శ్యామ్ మా ఇంటికొచ్చాడు. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"రాజారావ్, జాబ్ పోయాక ఇంకోటి వెతుక్కోడానికి నీకు అరవై రోజుల టైముంది. కానీ అది ఈ దేశంలో ఉంటేనే. బోర్డర్ దాటావనుకో, తిరిగొచ్చేటప్పుడు ఆఫీసర్ ఒక్కటే అడుగుతాడు, ఎక్కడ పనిచేస్తున్నావని. ఏం చెప్తావు?"

సూట్‌కేస్ విప్పేశాను. యాభై మూడో రోజున ఇంకో ఉద్యోగం దొరికింది. ఈ రోజు నేను ఈ దేశంలో ఉన్నానంటే శ్యామ్ చలవే.

అయితే ఆ యాభై మూడు రోజుల్లో మనవాళ్ళు నన్ను చూసిన చూపుంది చూశారూ, అది పగవాడికి కూడా వద్దు. బర్త్‌డే పార్టీలో నేను గదిలోకి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. "పాపం" అనే మాట వీపు వెనక వినబడేది. మా ఆవిడతో మాట్లాడేవాళ్ళు ఏదో జబ్బు మనిషి భార్యతో మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళు. ఇదంతా పక్కన నిలబడి విన్నవాడు శ్యామ్. అదంతా మనసులో దాచుకుంటున్నాడని నాకప్పుడు తోచలేదు.

నిరుడు జులైలో శ్యామ్ ఉద్యోగం పోయింది. జెర్సీ సిటీలో తొమ్మిదేళ్ళు చేసిన కంపెనీ. క్రెయిగ్ అనే మేనేజర్ వీడియో కాల్‌లో ఏడు నిమిషాల్లో ముగించాడు. శ్యామ్ ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పలేదు, ఆ కోపం నాకింకా పోలేదు. కట్టుకున్న రేణుకి కూడా చెప్పలేదు. ఒకే కాలేజీలో చదువుకుని, ఇష్టపడి పెళ్ళి చేసుకున్న మనుషులు వాళ్ళు. రోజూ పొద్దున్నే బేస్‌మెంట్‌లోకి దిగి, తలుపేసుకుని, మీటింగ్ ఉందనేవాడు. మంగళవారం, గురువారం లంచ్ బాక్స్ పట్టుకుని ఆఫీస్‌కని బయలుదేరి, రెండు ఊళ్ళవతల లైబ్రరీలో కూర్చుని అప్లికేషన్లు పంపుకునేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి ట్రైన్ లేటయిందనేవాడు. ఆ ట్రైన్‌ని తిట్టడం కూడా మానలేదట.

ఇలా ఉండగా క్రూజ్ దగ్గరపడింది. అది జనవరిలోనే స్నేహితులు రఘు, రష్మి దంపతులతో కలిసి బుక్ చేసింది. ఆగస్టు చివర, పిల్లలకి కాలేజీ మొదలయ్యే ముందు. న్యూజెర్సీలో షిప్ ఎక్కడం, బోస్టన్‌లో ఒకరోజు ఆగడం, అక్కణ్ణించి కెనడాలో హాలిఫాక్స్, మళ్ళీ న్యూజెర్సీ. కెనడా వీసాలు అందరికీ ఎప్పుడో ఉన్నాయి. క్యాన్సిల్ చేద్దామంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పే నోరు శ్యామ్‌కి లేదు.

అందుకని తనకు తాను ఒక గీత గీసుకున్నాడు. బోస్టన్ అమెరికాయే. బోస్టన్ దాకా వెళ్ళినా ఏ నష్టం లేదు. ఒక కంపెనీలో ఐదు రౌండ్లు ఇంటర్వ్యూ అయింది, సరిగ్గా బోస్టన్‌లో ఆగే రోజు మధ్యాహ్నం రెండింటికల్లా మెయిల్ పంపుతామన్నారు. ఆఫర్ వస్తే అప్పుడు రేణుకి ధైర్యంగా చెప్పొచ్చు, జాబ్ మారుతున్నాను, కాగితాలు మారేదాకా కెనడా వద్దు, దిగిపోదామని. రాకపోతే? అక్కడికి వచ్చేసరికి ఆలోచన ఆపేసేవాడట. మందికంతటికీ రూల్స్ చెప్పే మనిషి, తన దగ్గరికి వచ్చేసరికి చేసిన ఆలోచన ఇది.

బోస్టన్‌లో దిగింది నలభై ఒకటో రోజు. షిప్ ఐదింటికి బయలుదేరుతుంది, నాలుగున్నరకల్లా అందరూ లోపలుండాలి. పాస్‌పోర్టులు గదిలో సేఫ్‌లో పెట్టుకోండని షిప్ వాళ్ళు చెప్పినా శ్యామ్ వినలేదు. ఫైల్ బ్యాక్‌ప్యాక్‌లో పెట్టుకునే దిగాడు.

ఆ ఊళ్ళో పాత కట్టడాలన్నీ కలుపుతూ పేవ్‌మెంట్ మీద ఎర్ర ఇటుకల గీత ఒకటి ఉంటుంది. దారి అడిగే పని లేదు, గీత పట్టుకుని నడవడమే. మబ్బు పట్టి ఉంది, సముద్రం వైపు నుంచి చల్లటి గాలి. పిల్లలిద్దరూ, అంటే మేధ, రఘు కొడుకు కౌశిక్, ముందు నడుస్తున్నారు. ఇద్దరికీ పంతొమ్మిదే. వెనక రేణు, రష్మి, రఘు. అందరికంటే వెనక శ్యామ్, చేతిలో ఫోన్‌తో.

గీత వాళ్ళని ఊరి నడిబొడ్డున ఒక శ్మశానానికి తీసుకెళ్ళింది. ఈ దేశానికి ఈ పేరు రాకముందు నుంచీ ఉన్నది. నల్లటి పలకరాళ్ళు నేలలోకి సగం కుంగి, పక్కకి ఒరిగి ఉన్నాయి. ఒక్కోదాని మీద రెక్కలున్న పుర్రె బొమ్మ. మేధ ముచ్చటపడి ఫొటోలు తీసింది.

"అమ్మా, దీన్ని చూడు. ఎంత క్యూట్ ఉందో!"

"చాల్లే, శ్మశానం చూడ్డానికా వచ్చాం? షిప్‌కి వెళ్ళగానే అందరూ తలస్నానం చేయాలి," అంది రేణు.

శ్యామ్ ఒక రాయి దగ్గర ఆగిపోయాడు. పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. తర్వాత నాతో అన్నాడు, "వాళ్ళు ఎక్కడికీ పోనక్కర్లేదు కదా రాజారావ్, అక్కడే ఉన్నారు," అని. ఆ రాయి దగ్గర ఉండగానే రెండయింది. మెయిల్ రాలేదు.

రఘు వెనక్కొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "అన్నా, వెకేషన్‌ల గూడ ఆఫీస్ మెయిలేంది? జర జేబుల పెట్టు. నువ్వు లేకుంటే కంపెనీ మునిగిపోతదా?"

"లేదులే," అన్నాడు శ్యామ్.

అక్కణ్ణించి పాత మార్కెట్. బయట గారడీవాళ్ళు, లోపల తిండి కొట్లు, చుట్టూ బొమ్మలూ మాగ్నెట్లూ అమ్మే బళ్ళు. మనవాళ్ళు ఊరికెళ్ళి ఖాళీ చేతులతో రావడమన్నది లేదు. ఏ ఊరు వెళ్ళినా అందరి చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. అది వాడతారా, పారేస్తారా అన్నది వేరే సంగతి. రేణుకి ఈ విషయంలో మంచి పేరుంది. మా ఫ్రిజ్ మీద ఉన్న మాగ్నెట్లన్నీ ఆవిడ తెచ్చినవే. గుళ్ళో పరిచయమైన వాళ్ళు, మేధకి డాన్స్ నేర్పిన గీతాంజలి గారు, పక్కింటి అమెరికన్ ముసలావిడ, ఎవరినీ మర్చిపోదు. అందరికంటే ముందు మొగుడి ఆఫీస్ వాళ్ళు. ఒకసారి ఆర్లాండో నుంచి కీచైన్లు పంపితే, ఆ టీమ్‌లో డెబ్రా అనే ఆవిడ ఫోన్ చేసి మరీ థాంక్స్ చెప్పింది. ఆ ముచ్చట రేణు ఏడాదంతా చెప్పుకుంది.

"మీ టీమ్‌లో ఇప్పుడు పదకొండు మందే కదా, శ్యామ్? లేకపోతే కొత్తవాళ్ళెవరైనా చేరారా?"

"పదకొండే," అన్నాడు శ్యామ్. అతన్ని తీసేశాక నిజంగానే పదకొండు.

మూడింటికి పావు తక్కువకి మేధ వచ్చింది. "నాన్నా, నేను రష్మి ఆంటీ వాళ్ళతో షిప్‌కి వెళ్తున్నా. ట్రివియా క్విజ్ ఉంది. నేను లేకపోతే మా టీమ్ లూజ్ అవుద్ది."

శ్యామ్ ఫోన్‌లోంచి తలెత్తకుండా సరేనన్నాడు. నలుగురూ వెళ్ళిపోయారు. మూడు దాటి పది నిమిషాలకి మెయిల్ వచ్చింది. మీ సమయానికి ధన్యవాదాలు అని మొదలైంది. అలా మొదలైన మెయిల్ని చివరిదాకా చదవక్కర్లేదని ఉద్యోగం వెతికిన ప్రతివాడికీ తెలుసు. శ్యామ్ చివరిదాకా చదివాడు, రెండుసార్లు.

ఇంకో గంటా ఇరవై నిమిషాలుంది. షిప్ ఎక్కితే ఆదివారం పొద్దున న్యూజెర్సీలో ఆఫీసర్ ముందు నిలబడాలి. ఎక్కడ పనిచేస్తున్నారు? అబద్ధం చెప్పొచ్చు, వీసా మీద తేదీ ఇంకా ఉంది. ఆ అబద్ధం కంప్యూటర్‌లో దొరికితే తనూ రేణూ అటు, మేధ ఇటు. నిజం చెప్పినా అంతే. ఇరవై ఏళ్ళు ఈ దేశంలో ఉండి, గ్రీన్ కార్డ్ లైన్‌లో ముసలివాళ్ళవుతున్న మనుషులకి చివరికి మిగిలేది ఒక ఇమ్మిగ్రేషన్ కౌంటర్.

రేణుని పక్కకి పిలిచి నిజం చెప్పడానికి ఒక నిమిషం చాలు. చెప్పలేదు. ఏమని తిట్టను? షిప్ మిస్సయితే చాలనుకున్నాడు. పొరపాటున, షాపింగ్‌లో పడి, అందరికీ జరిగేదే. ట్రైనెక్కి ఐదు గంటల్లో ఇంటికెళ్ళిపోవచ్చు. రేణు రెండ్రోజులు అలుగుతుంది. మేధకి ఏ భయం లేదు, అది ఇక్కడే పుట్టింది, దాని కాగితం దానిది. రఘు వాళ్ళున్నారు, ఆదివారం దింపుతారు.

ఒక బండి దగ్గర తెల్లగడ్డం ముసలాయన చెక్క మాగ్నెట్లు అమ్ముతున్నాడు. లాంతరు ఆకారంలో అరచేతిలో పట్టేవి. కరెంటుతో వేడెక్కే సన్నని ముల్లుతో వాటి మీద పేరు కాల్చి రాసిస్తాడు. చెయ్యి కొంచెం వణుకుతుంది కాబట్టి నిదానంగా రాస్తాడు, ఒక్కో పేరుకి ఐదారు నిమిషాలు. శ్యామ్ నిలబడి ఒక పేరు పూర్తయ్యేదాకా చూశాడు. టైమ్ లెక్కలు అతనికి కొత్త కాదు.

"రేణూ, టీమ్ వాళ్ళకి పేర్లు రాయించి ఇద్దాం."

రేణు ముఖం విప్పారింది. "నీకు ఇంత ప్రేముందని నాకు తెలీదు, శ్యామ్. సరే, ముందు డెబ్రాది."

డెబ్రా అయింది. పావెల్ అయింది. అక్షయ్, ఇషా అయ్యారు. చెక్క కాలుతున్న వాసన. ఒక్కో పేరూ శ్యామ్ అక్షరం అక్షరం చెబుతుంటే ముసలాయన తలూపుతూ రాస్తున్నాడు. రేణు రాసిన ప్రతిదాన్నీ ఊది, చేత్తో తుడిచి, కాగితం సంచిలో వేస్తోంది. ఏ రంగు రిబ్బన్ ఎవరికి బాగుంటుందో అతన్నే అడుగుతోంది. ఇషాకి ఎరుపు నచ్చుతుందన్నాడు శ్యామ్.

నాలుగయ్యేసరికి ఏడు పేర్లయ్యాయి.

"ఇంక చాలు, పద. మిగతావాళ్ళకి పేర్లు లేకుండా ఇద్దాం," అంది రేణు.

"కొందరికి పేరుండి కొందరికి లేకపోతే ఏం బాగుంటుంది?"

ఇలాంటి మాట ఎప్పుడూ రేణు అనాలి, శ్యామ్ విసుక్కోవాలి. ఆవిడ అతని వైపు తేరిపార చూసింది. "నువ్వేనా ఈ మాట అంటున్నది? ఎయిర్‌పోర్ట్‌కి నాలుగు గంటల ముందు తీసుకెళ్ళి కూర్చోబెట్టే మనిషివి. ఏమైంది నీకు?"

"కార్లో పదిహేను నిమిషాలే. ఇంకా నాలుగే కదా."

చివరి పేరు క్రెయిగ్. దాన్ని కూడా అక్షరం అక్షరం చెప్పాడు. ముసలాయన ఆఖరి అక్షరం తోక పొడుగ్గా తిప్పి, ఎవరీయన అని అడిగాడు. మా బాస్ అన్నాడు శ్యామ్. నాలుగూ ఇరవై ఎనిమిదికి బండి దగ్గర్నుంచి కదిలారు. కార్ బుక్ చేస్తున్నానంటూ ఫోన్ పట్టుకుని ఇంకో ఐదు నిమిషాలు తిప్పాడు. దార్లో ట్రాఫిక్ కూడా అతనికే సాయం చేసింది. రేణు సీటు అంచున కూర్చుని, డ్రైవర్‌ని బతిమాలుతూ, దేవుళ్ళందరికీ దండం పెడుతూనే ఉంది. శ్యామ్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

వాళ్ళు రేవులో దిగేసరికి ఐదూ మూడు. షిప్పుకీ గట్టుకీ మధ్య అప్పటికే నల్లటి నీళ్ళు కనిపిస్తున్నాయి. పై అంతస్తులో జనం ఎవరికో చేతులూపుతున్నారు. హారన్ మోగింది, పెద్దగా, గుండెలదిరేలా. ఆ క్షణంలో నలభై ఒక్క రోజుల తర్వాత మొదటిసారి హాయిగా ఊపిరి తీసుకున్నానని శ్యామ్ నాతో అన్నాడు. అక్షరాలా ఆ మాటే అన్నాడు, హాయిగా అని.

రేణు రఘుకి ఫోన్ చేసింది, మేధకి మెసేజ్ పెట్టింది. కళ్ళు తుడుచుకుంది. ఆవిడ ఏడిస్తే ఒక్క నిమిషమే, ఆ తర్వాత పనిలోకి దిగుతుంది.

"సరే, అయిందేదో అయింది. షిప్ ఎల్లుండి పొద్దున హాలిఫాక్స్‌లో ఉంటుంది. రేపటికి ఫ్లైట్ బుక్ చేయి. అక్కడ ఎక్కేద్దాం."

శ్యామ్ దీని గురించి ఆలోచించనేలేదు. "ఎందుకులే రేణూ, ఇంటికెళ్ళిపోదాం. ట్రైన్ ఉంది. మేధ వాళ్ళతో వచ్చేస్తుంది."

"ఎలా వస్తుంది?" అంది రేణు. "దాని పాస్‌పోర్ట్ ఎక్కడుంది?"

శ్యామ్ చెయ్యి దానంతటదే వీపు మీది బ్యాగ్ వైపు వెళ్ళింది. నీలం ఫైల్, మూడో ప్లాస్టిక్ కవర్. ఇరవై ఏళ్ళలో మొదటిసారి, ఆ ఫైల్‌లో ఏముందో శ్యామ్ మర్చిపోయాడు. మందిలో ఎవరి బిడ్డనైనా కాగితం లేకుండా గుమ్మం దాటనివ్వని మనిషి, సొంత కూతుర్ని కాగితం లేకుండా దేశం దాటించాడు. షిప్ మెల్లగా తిరుగుతోంది.

"నీకు ఓపిక లేకపోతే నువ్వు ఇంటికెళ్ళు. నేనొక్కదాన్నే వెళ్ళి ఇచ్చొస్తా. ఫైల్ ఇలా ఇవ్వు."

"నువ్వు వెళ్ళకూడదు."

"ఎందుకు?"

"వెళ్తే నిన్ను మళ్ళీ రానివ్వరు. నన్ను కూడా."

"ఏంటి నువ్వు మాట్లాడేది? వీసా ఉందిగా?"

శ్యామ్ చెప్పాడు. గట్టు మీద బెంచీ పక్కన నిలబడి, జులైలో ఫలానా రోజు, ఏడు నిమిషాల కాల్, బేస్‌మెంట్, లైబ్రరీ, ఈ రోజు మూడూ పదికి వచ్చిన మెయిల్, అన్నీ వరుసగా చెప్పాడు. ఇంకా పంతొమ్మిది రోజులున్నాయన్నాడు. రేణు వీసా తన వీసా మీదే ఆధారపడింది కాబట్టి ఆవిడకీ అంతేనన్నాడు. షిప్ కావాలనే మిస్ చేశానని కూడా చెప్పాడు. ఇంకేం దాచలేదు.

రేణు అరవలేదు. అరిస్తే బాగుండేదన్నాడు శ్యామ్. బెంచీ మీద కూర్చుని కాగితం సంచి ఒళ్ళో పెట్టుకుని, మాగ్నెట్లు ఒక్కొక్కటే తీసి పక్కన పేర్చింది. డెబ్రా. పావెల్. అక్షయ్. ఎర్ర రిబ్బన్‌తో ఇషా. చివరికి తోక పొడుగాటి క్రెయిగ్. చెక్కలు ఇంకా కాలిన వాసన వేస్తున్నాయి.

"వీళ్ళందరికీ తెలుసా?"

శ్యామ్ తలూపాడు.

"నలభై ఒక్క రోజుల నుంచీ తెలుసు."

"తెలుసు."

"ఈ పదకొండు మందికీ తెలుసు," అంది రేణు. "నేను వీళ్ళకి రిబ్బన్లు ఏరుతుంటే చూస్తూ నిలబడ్డావు."

షిప్ రేవు మలుపు దాటుతోంది, చేతులూపేవాళ్ళు చుక్కల్లా అయిపోయారు. రేణు ఫోన్ మోగింది. తెర మీద మేధ. ఎత్తగానే ఆ పిల్ల గొంతు పక్కనున్న శ్యామ్‌కి కూడా వినబడింది. "అమ్మా, ఎక్కడున్నారు మీరు? షిప్ కదిలిపోయింది. నా పాస్‌పోర్ట్ నాన్న దగ్గరుంది కదా? నేనేం చేయాలి?"

రేణు ఫోన్ శ్యామ్ చేతిలో పెట్టి, మొహం సముద్రం వైపు తిప్పుకుంది.

"నాన్నా?" అంటోంది మేధ. "నాన్నా, లైన్‌లో ఉన్నావా?"